అమృతాంజనం పంతులుగారు

క్రిందటి నెలలో ఒక సాయంకాలం నాకు తలనొప్పిగా ఉంటే, వసారాలో పడక కుర్చీ వేసుకుని నుదుటికి అమృతాంజనం రాసుకుంటున్నాను. మా వీధి చివరి ఇంటి కుర్రవాడు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఎనిమిదవ తరగతి చదువుతున్నాడు. లెక్కల్లో చురుకైనవాడు. పేరు చెప్పను, చెబితే సిగ్గుపడతాడు. వాళ్ళ నాన్న మా గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో హమాలీ. బస్తాలు ఎత్తడం మొదలుపెట్టాడంటే, లారీలు నిండి కదిలేదాకా ఆయనకు నడుము వాల్చే తీరిక ఉండదు.

"అయ్యవారూ, ఈ ఏటితో నేను చదువు మానేస్తాను" అన్నాడు కుర్రవాడు.

"ఎందుకురా?"

"నిమ్మకాయల వ్యాపారంలోకి దిగుతాను. మొదట ఒక కొట్లో పని నేర్చుకుంటాను. తరువాత సొంతంగా కొట్టు పెడతాను. మా నాన్న చేత బస్తాలు మాన్పిస్తాను. బాగా డబ్బు వచ్చాక మీరు ఎప్పుడూ చెప్పేటట్టు పదిమందికీ సాయం చేస్తాను. డబ్బు లేనివాడు ఎవరికి ఏమి ఇవ్వగలడయ్యవారూ? ముందు డబ్బు, తరువాతే ధర్మం."

వాడి మాటల్లో దురాశ లేదు. తండ్రి మీద ప్రేమ ఉంది. పదిమందికీ మేలు చేయాలన్న తలంపు కూడా ఉంది. అయినా నాకు ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. "చదువు మానడం తప్పు" అని గద్దించడం సులువే. కాని తండ్రి నడుము నొప్పిని రోజూ చూస్తున్న పిల్లవాడికి గద్దింపు జవాబు కాదు.

అప్పుడు నా చేతిలో ఉన్న సీసా మీదికి చూపు పోయింది.

"ఇదేమిటో తెలుసా?" అన్నాను.

"తలనొప్పి మందు."

"దీని వెనుక ఒక మనిషి ఉన్నాడు. ఆయన కథ విను. విన్న తరువాత నీ ఇష్టం" అన్నాను.

వాడికి చెప్పిన కథనే మీకూ చెబుతాను.

కృష్ణా జిల్లాలో ఎలకుర్రు అనే పల్లె ఉంది. 1867 మే 1వ తేదీన ఆ పల్లెలో బుచ్చయ్య, శ్యామలాంబ అనే దంపతులకు ఒక కొడుకు పుట్టాడు. అతడే కాశీనాథుని నాగేశ్వరరావు. పల్లెలో ఓనమాలు దిద్ది, బందరులో చదివి, ఆ తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో పట్టభద్రుడైనాడు. ఆ రోజులలో పట్టా పుచ్చుకున్నవాడు సర్కారు కొలువు కొరకు చూడడం రివాజు. నాగేశ్వరరావుగారు మాత్రం వ్యాపారం చేయాలనుకున్నారు.

అనుకోగానే అయిపోలేదు సుమా! మద్రాసులో ఒక ప్రయత్నం చేశారు. అది నిలవలేదు. కలకత్తా వెళ్ళి కొంతకాలం ఉన్నారు. అక్కడా స్థిరపడలేదు గాని, మందుల తయారీలో మెలకువలు కొన్ని తెలిశాయి. ఆ తరువాత బొంబాయి చేరి ఒక కార్యాలయంలో ఉద్యోగం చేశారు. అలా మూడు మహానగరాల నీళ్ళు త్రాగాక, 1893లో, బొంబాయిలోనే, నొప్పులకు పైపూత మందు ఒకటి తయారుచేసి దానికి అమృతాంజనం అని పేరు పెట్టారు. స్వామి వివేకానందులు చికాగో సభలో మాట్లాడినది కూడా ఆ ఏడే. అప్పటికి నాగేశ్వరరావుగారికి ఇరవై ఆరేళ్ళు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. "నుదుటికి రాస్తే చల్లగా ఎందుకుంటుంది?" అని మీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇటువంటి పూత మందులలో సాధారణంగా పిప్పరమెంటు పువ్వు, కర్పూరం, నీలగిరి తైలం వంటివి ఉంటాయి. మన చర్మంలో వేడినీ చలినీ మెదడుకు తెలియజేసే నరాల కొసలున్నాయి. చలి తగిలినప్పుడు మేలుకునే కొసను పిప్పరమెంటు పువ్వు కూడా తట్టి లేపుతుంది. చర్మం నిజంగా చల్లబడదు; చల్లబడిందని మెదడుకు కబురు పోతుంది, అంతే. ఆ చల్లదనం మీద ధ్యాస పడి నొప్పి కొంత మరుగుపడుతుంది. ఇది ఎలా జరుగుతున్నదో 2002లో గాని శాస్త్రజ్ఞులకు స్పష్టంగా తెలియలేదు. దానిని కనుగొన్నవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్‌కు, వేడినీ స్పర్శనూ మనం ఎలా గుర్తిస్తామో తెలిపినందుకు 2021లో నోబెల్ బహుమానాన్ని మరొకరితో కలిపి ఇచ్చారు. అన్నట్టు, ఇటువంటి మందులు కంటికి తగలరాదు. పసిపిల్లలకు పెద్దలు వైద్యుణ్ణి అడగకుండా రాయరాదు.

మళ్ళీ కథకు వద్దాం. మందు తయారైంది. కాని కొనేదెవరు? పేరు ఎవరూ విననిది. ఊరు కాని ఊరు, భాష కాని భాష. నాగేశ్వరరావుగారు ఒక ఉపాయం చేశారు. సంగీత సభలు జరిగే చోట్ల అమృతాంజనాన్ని ఉచితంగా పంచారు. గంటల తరబడి కూర్చుని పాట వినేవారికి తలనొప్పో మెడనొప్పో రాకుండా ఉంటుందా? రాసుకుని చూశారు. బాగుందనుకున్నారు. మరునాడు అంగడికి వెళ్ళి అడిగారు. తన వస్తువు మీద నమ్మకం ఉన్నవాడే "ముందు వాడి చూడండి, తరువాత కొనండి" అనగలడు. అమృతాంజనం పేరు నోటికీ నోటికీ ప్రాకి దేశమంతా తెలిసింది. డబ్బు వచ్చింది.

"చూశారా అయ్యవారూ! ముందు డబ్బు వచ్చింది" అన్నాడు మా కుర్రవాడు, గెలిచినట్టుగా.

"తొందరపడకు" అన్నాను.

1907లో సూరత్‌లో కాంగ్రెసు మహాసభ జరిగింది. ఆ సభకు వెళ్ళిన నాగేశ్వరరావుగారికి, దేశంలో ఏమి జరుగుతున్నదో తెలుగువారికి తెలుగులో చెప్పే పత్రిక ఒకటి కావాలన్న ఆలోచన బలపడింది. మరుసటి ఏడు, 1908లో, బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. తెలుగు దేశానికి అంత దూరాన, మరాఠీ గుజరాతీ మాటల నడుమ కూర్చుని తెలుగు పత్రిక నడపడం ఎంత కష్టమో ఊహించండి. 1914లో దానిని మద్రాసుకు తెచ్చి దినపత్రికగా చేశారు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఏ దేశం ఏ దేశం మీదికి పోయిందో, ధరలు ఎందుకు పెరుగుతున్నాయో పల్లెవాసి కూడా తెలుసుకోవాలనుకునే కాలమది. వార్త తెలుగులో వచ్చింది.

మా తాతగారు ఆంధ్రపత్రికను అక్షరం వదలకుండా చదివేవారు. తాను చదివి ఊరుకునేవారు కాదు. సాయంకాలం అరుగు మీద కూర్చుని, చదువు రాని ఇరుగుపొరుగువారికి పైకి చదివి వినిపించేవారు. ఒక ప్రతి కొంటే పదిమంది వినేవారు. ఆ పత్రిక 1991లో ఆగిపోయింది గాని, ఎనభై ఏళ్ళు దాటి నడిచింది.

నాగేశ్వరరావుగారు అంతటితో ఆగలేదు. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రికను స్థాపించారు. 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించి, మంచి తెలుగు పుస్తకాలను సామాన్యులు కొనగలిగిన వెలకు అచ్చు వేయించారు. పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఆ మాలలో వచ్చినదే. కొమర్రాజు లక్ష్మణరావుగారు తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, పని సగంలో ఉండగా 1923లో కన్ను మూశారు. ఆ పనిని ఎత్తుకొని మళ్ళీ కదిలించినది నాగేశ్వరరావుగారే. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిగిన నాటి నుండి ఊరూరా పుస్తకాల చావళ్ళు వెలుస్తున్నాయి. ఆ ఉద్యమానికి ఆయన పెద్ద అండగా నిలిచారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు కూడా వెళ్ళారు. ప్రజలు ఆయనను 'దేశోద్ధారక' అన్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చి గౌరవించింది.

ఇప్పుడు మా కుర్రవాణ్ణి ఒక ప్రశ్న అడిగాను. "అమృతాంజనం మీద వచ్చిన డబ్బు ఊతమైంది, నిజమే. కాని డబ్బు ఒక్కటే ఉంటే ఆంధ్రపత్రిక వచ్చేదా?"

వాడు ఆలోచించాడు. "చదువు లేకపోతే పత్రిక పెట్టాలనే తోచదు" అన్నాడు మెల్లగా.

"మందు అమ్మడానికి మాత్రం చదువు అక్కరలేదా? సరుకు లెక్క, ఉత్తరాలు, ప్రకటనలు, పరాయి ఊళ్ళో పదిరకాల మనుషులతో వ్యవహారం. ఆయన 1891లో పట్టా పుచ్చుకుని, 1893లో మందు తీశాడు. నడుమ రెండేళ్ళు ఇతరుల దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ పట్టాను కొలువుకు నిచ్చెన చేసుకోలేదు. చేతిలో పనిముట్టు చేసుకున్నాడు."

వాడు ఊరుకున్నాడు. కాని "ముందు డబ్బు, తరువాతే ధర్మం" అన్న మాట ఇంకా మిగిలే ఉంది. దానికోసం సముద్రాలు దాటి మరొక కథ చెప్పవలసి వచ్చింది.

బ్రిటనులోని స్కాట్లండులో, డన్‌ఫర్మ్‌లిన్ అనే ఊళ్ళో, 1835లో ఒక చేనేత కార్మికుని ఇంట ఆండ్రూ కార్నెగీ పుట్టాడు. ఆవిరి మగ్గాలు వచ్చి తండ్రి చేతిమగ్గం మూలపడింది. పదమూడేళ్ళ వయసులో కుటుంబంతో అమెరికా వెళ్ళి, నూలు మిల్లులో వారానికి ఒక డాలరు ఇరవై సెంట్లకు పనిచేశాడు. ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన తన సొంత పుస్తకాలను పనిపిల్లలకు చదువుకోవడానికి ఇచ్చేవాడు. ఆ పుస్తకాలే కార్నెగీకి బడి. పెరిగి పెద్దవాడై, ఉక్కు కర్మాగారాలు పెట్టి లోకంలోకెల్లా గొప్ప ధనవంతులలో ఒకడైనాడు. ధనవంతుడు బ్రతికుండగానే తన సంపదను లోకహితానికి వెచ్చించాలని 1889లో వ్రాశాడు. వ్రాసినట్టే చేశాడు కూడా. ఆయన డబ్బుతో లోకమంతటా 2,500కు పైగా గ్రంథాలయాలు వెలిశాయి.

"ఎంత మంచివాడు!" అన్నాడు కుర్రవాడు.

"మిగతాది కూడా విను" అన్నాను. 1892లో హోమ్‌స్టెడ్ అనే చోట ఆయన ఉక్కు కర్మాగారంలో కూలి తగ్గింపు మీద తగాదా వచ్చింది. కార్నెగీ అప్పుడు స్కాట్లండులో ఉన్నాడు. అక్కడ ఆయన తరఫున పనిచూసేవారు కార్మికులను బయటికి నెట్టి తలుపులు మూశారు. సాయుధులైన కాపలావాళ్ళను పిలిపించారు. కొట్లాటలో ఇరువైపులా మనుషులు చచ్చిపోయారు. కొన్నేళ్ళకు అదే హోమ్‌స్టెడ్‌లో కార్నెగీ పెద్ద గ్రంథాలయం కట్టించాడు. కాని రోజుకు పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడి వచ్చినవాడికి పుస్తకం తెరిచే ఓపిక ఎక్కడిది?

కార్నెగీ దానం గొప్పది. అందులో సందేహం లేదు. ఆ గ్రంథాలయాలలో చదువుకుని బాగుపడినవారు లెక్కకు మిక్కిలి. అయినా ఆ కథలో ఒక పాఠం ఉంది. "ముందు ఎలాగైనా గడిస్తాను, ఆనక ధర్మం చేస్తాను" అనుకుంటే, ఆ "ఎలాగైనా"లో ఎవరి నడుము విరుగుతుందో మనకు కనబడదు. ఆనక ఇచ్చిన దానంతో ఆ నడుము అతుకుకోదు.

"మీ నాన్న నడుము సంగతి నీకు తెలుసు. రేపు నువ్వు కొట్టు పెడితే, నీ బస్తాలు మోసేవాడు కూడా ఒకరికి నాన్నే" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు.

నాగేశ్వరరావుగారు తప్పులెరుగని దేవుడని నేను చెప్పడం లేదు. కాని ఆయన జీవితంలో గడించడం ఒక కాలం, ఇవ్వడం ఒక కాలం అని గీత గీయలేము. మందు పెట్టిన పదిహేనేళ్ళకే పత్రిక వచ్చింది. అప్పటి నుండి రెండూ జోడెడ్లలాగా నడిచాయి. ఇచ్చిన తీరు కూడా చూడండి. అన్నం పెడితే ఆ పూటకు ఆకలి తీరుతుంది, అదీ పుణ్యమే. పత్రిక, పుస్తకం, చదువుకునే చావడి ఇస్తే, పుచ్చుకున్నవాడు రేపు ఇంకొకరి ముందు చెయ్యి చాచనక్కరలేదు. ఎవరికీ తల వంచనక్కరలేదు.

ఆయన ఇచ్చిన వాటిలో మన ప్రాంతానికి దగ్గరిది ఒకటుంది. అది డబ్బు కాదు, తన ఇంటి చావడి. మద్రాసు మైలాపూరులో ఆయన ఇంటి పేరు శ్రీబాగ్. ఆంధ్ర రాష్ట్రం వేరుగా కావాలని అందరూ కోరుతున్న కాలం. కాని వేరుపడితే కోస్తా జిల్లాలవారు తమను వెనక్కి నెడతారేమోనని రాయలసీమవారికి భయం. 1937 నవంబరు 16న ఇరుప్రాంతాల నాయకులు శ్రీబాగ్‌లో కూర్చున్నారు. కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు వంటి పెద్దలు మాట్లాడుకుని ఒడంబడికకు వచ్చారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి పనులలో రాయలసీమకూ నెల్లూరు జిల్లాకూ పదేళ్ళపాటు ముందు చోటు ఇవ్వాలి; రాజధాని, హైకోర్టు ఈ రెండింటిలో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చు. ఇలా సాగింది ఆ ఒడంబడిక. మన గూడూరు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే. అంటే ఆ చావడిలో మన పొలాల నీటి మాట కూడా వచ్చిందన్నమాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయింది; మరుసటి ఏడు హైకోర్టు గుంటూరులో పెట్టారు. నీటి మాట పూర్తిగా నెరవేరలేదని సీమవారు నేటికీ అడుగుతూనే ఉన్నారు. అయినా, పోట్లాడుకోవలసినవారు ఒక ఇంట చాప మీద కూర్చుని మాట్లాడుకోవడం చిన్న సంగతి కాదు. మనుషులు నమ్మి వచ్చే ఇల్లు డబ్బుతో కట్టగలిగేది కాదు.

ఆ ఒడంబడిక జరిగిన ఐదు నెలలకు, 1938 ఏప్రిల్ 11న, నాగేశ్వరరావుగారు కన్ను మూశారు. చెన్నై మైలాపూరులో ఆయన పేరిట ఒక పార్కు ఉంది. సాయంకాలం అక్కడ నడిచేవారిలో ఎందరికి ఆయన కథ తెలుసో గాని, ఆయన మందు వాసన మాత్రం తెలియనివారు ఉండరు.

కథ అయ్యేసరికి చీకటి పడింది. మా కుర్రవాడు ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నేనూ పిలవలేదు. చదివితే రేపే కూడు దొరుకుతుందని వాడికి అబద్ధం చెప్పలేను. వాడి ఇంటి లెక్క వాడికి నాకన్న బాగా తెలుసు.

పదిహేను రోజులకు మళ్ళీ వచ్చాడు. ఆదివారాలు తండ్రితో మార్కెట్టుకు వెళుతున్నాడట. అక్కడ చదువు రాని హమాలీలు నలుగురైదుగురు ఉన్నారు. వారి చీటీలు చదివిపెట్టి, ఎవరు ఎన్ని బస్తాలు మోశారో, ఎంత కూలి రావాలో ఒక పాత నోటుపుస్తకంలో పేరు పేరునా వ్రాస్తున్నాడట. వారిలో ఒక పెద్దాయన తన పేరు ఎలా ఉంటుందో చూపించమని అడిగి, ఆ అక్షరాల మీద వేలు పెట్టి దిద్దాడట.

"ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదయ్యవారూ" అన్నాడు వాడు, తనకే ఆశ్చర్యంగా ఉన్నట్టు.

నేను నవ్వాను. చదువు సంగతి అడుగుదామా వద్దా అని తటపటాయిస్తూ ఉండగా, వాడే గుమ్మం దాకా పోయి వెనుదిరిగి అడిగాడు:

"తొమ్మిదవ తరగతి పాత పుస్తకాలు మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఎక్కడైనా ఉంటాయా అయ్యవారూ?"

ఉన్నాయి. దొరికాయి. అట్టలు కూడా వేసి ఇచ్చాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు చదువు మానతానంటే, కోప్పడే ముందు ఎందుకని అడగండి. చాలాసార్లు ఆ కారణం మన కష్టమే అయి ఉంటుంది.

బాలలారా! ఈ నెల మీకు ఒక పని. డబ్బు ఖర్చు లేకుండా, మీకు వచ్చిన చదువుతో ఒక్కరికి ఒక్క మేలు చేయండి. ఉత్తరం చదివిపెట్టండి, లెక్క సరిచూడండి, అవ్వకు పేపరు వినిపించండి. చేసిన తరువాత నాకు వ్రాయండి. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

ఆశీస్సులతో,
మీ అయ్యవారు,
గూడూరు.